నకలు కాని నకలు

అక్కయ్యను మనం పోయిన వారం తమ్ముడి ఇంటి గుమ్మంలో వదిలేశాం, చెప్పులు విప్పాలా, విప్పకుండానే వెనక్కి తిరిగిపోవాలా అని తటపటాయిస్తూ ఉండగా. విప్పింది. లోపలికి కూడా వచ్చింది. రమ్మన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం సంగతంతా రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగిలినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పసిపిల్లలకు వేసే టీకా మందులు నిలవ ఉంచే పెద్ద గోదాములో అక్కయ్య ప్రోగ్రాములు రాస్తుంది. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కయ్యే కాబట్టి మనకూ అక్కయ్యే. ఆ మందులు ఉండే కోల్డ్ రూముల్లో వేడి ఎనిమిది డిగ్రీలు దాటి కాసేపు అలాగే ఉందంటే ఇక మందు మందు కాదు, సీసాలో నీళ్ళు. దాటగానే అలారం మోగించే ప్రోగ్రాము అక్కయ్య వయసులో ఉన్నప్పుడు పాత లాంగ్వేజిలో రాసింది. ఇన్నేళ్ళూ అది తుమ్మకుండా దగ్గకుండా పనిచేసింది. ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాత లాంగ్వేజి తెలిసినవాళ్ళు కరువైపోయారు, అన్నీ కొత్త లాంగ్వేజిలోకి మార్చండి అని. "మీకు వచ్చా? రాకపోతే బయటివాళ్ళకు ఇచ్చేస్తాం, మీరు హాయిగా స్టాకు చూసుకోవచ్చు" అన్నాడు ఆఫీసరు. "వచ్చు" అంది అక్కయ్య. అప్పటికి ఆవిడకు వచ్చింది ఆ లాంగ్వేజి పేరొక్కటే.

అప్పటినుంచీ ఆదివారాల్లో తమ్ముడి కూతురి దగ్గర గుట్టుగా పాఠాలు. నేర్చుకుంటూనే కొత్త ప్రోగ్రాము రాసింది, పెట్టించింది, అందరిచేతా శభాష్ అనిపించుకుంది. ఆ శభాష్ ఇంకా చెవిలో ఉండగానే ఒక తెల్లవారుజామున రెండో కోల్డ్ రూములో మిషను ఆగిపోయి, ఉన్న మందంతా పాడైపోయింది. ఆ వేళ డ్యూటీలో ఉన్నది అక్కయ్య సొంత తమ్ముడు. అలారం మోగలేదని నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఎవరు నమ్ముతారు? ప్రతి పొద్దునా అది గోదామంతా వినబడేలా మోగుతూనే ఉంది కదా. పైగా ఒకప్పుడు డ్యూటీలో కునుకు తీస్తూ దొరికిపోయిన మనిషాయె. "నిద్రపోయానని రాసి సంతకం పెడితే బదిలీతో సరిపెడతాను, లేదంటే పోలీసులే చూసుకుంటారు" అన్నాడు ఆఫీసరు. ఆ మాటను తమ్ముడి దగ్గరికి మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? అక్కయ్యే. "పెట్టెయ్యరా, గొడవ వదిలిపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గడప తొక్కడం ఇదే మొదలు.

పొద్దుటినుంచీ ఊళ్ళో కరెంటు లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచినా ఆకు కదలడం లేదు. ముందు గదిలో మేనకోడలు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఒక అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. పక్క గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి మరలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్న చప్పుడు వస్తోంది. డ్యూటీలోంచి పక్కన పెట్టినప్పటినుంచీ తమ్ముడు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. ఇస్త్రీపెట్టె అయింది, గోడ గడియారం అయింది, ఇప్పుడు టేబుల్ ఫ్యాను వంతు వచ్చింది. వాటిలో ఏ ఒక్కటీ పాడైంది కాదు.

మరదలు టీ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టింది. పెట్టింది అనడం మన మర్యాద కొద్దీ. సగం టీ బల్లమీదే ఉంది.

"బాగున్నావా?" అంది అక్కయ్య.

"మీ దయవల్ల బాగానే ఉన్నాం వదినా" అని మరదలు తడిగుడ్డ కోసం కూడా ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అమ్మని పట్టించుకోకత్తా" అంది మేనకోడలు గొంతు తగ్గించి. "రా, కూర్చో. బ్యాటరీ అయిపోయేలోపు కానిచ్చేద్దాం. హోంవర్కు చేశావా లేదా?"

"చేశానే పంతులమ్మా, చెయ్యకపోతే గోడకుర్చీ వేయిస్తావుగా."

ఈ ఒక్క పిల్ల దగ్గర మాత్రం అక్కయ్యకు ఇంకా మాట పెగులుతుంది. ఎత్తుకుని తిప్పిన పిల్ల, జడలు వేసిన పిల్ల, ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో పదిమందికి పాఠాలు చెబుతోంది. ఆ పిల్ల ముందు తప్పులు చేసి తిట్లు తినడంలో అక్కయ్యకు చిన్నతనం అనిపించలేదు. పాత లాంగ్వేజిలో తను పట్టపురాణి. ఎక్కడ ఏ చుక్క పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కొత్తదాంట్లో పలక పట్టుకున్న పిల్ల. మొదటివారం తెర మీద తన పేరు అచ్చు వేయించడానికే చెమటలు పట్టాయి. అక్షరాలు కుడివైపు నాలుగు అడుగులు జరిగితే ఒక అర్థం, జరక్కపోతే ఇంకో అర్థం అంటే, ఇదేం లాంగ్వేజే, అత్తారింట్లో కొత్తకోడలు నడిచినట్టు నడవాలా దీంట్లో, అని విసుక్కుంది కూడా. కానీ వదల్లేదు. పట్టుదలలో అక్కయ్యది ఎప్పుడూ పైచెయ్యే.

హోంవర్కు చిన్నదే. ఒక క్లాసులో పిల్లల మార్కుల జాబితా ఉంది. అందరికీ తలా అయిదు మార్కులు కలిపితే ఎంతమంది గట్టెక్కుతారో ప్రోగ్రాము చెప్పాలి. అసలు మార్కులు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండాలి.

అక్కయ్య ఎప్పుడూ చేసే పనే చేసింది. ముందు అసలు జాబితాకు నకలు తీసింది. దానికి ట్రయల్ అని పేరు పెట్టింది. కలపడం, తీయడం అంతా ట్రయల్‌లోనే. ఉద్యోగంలో చేరిననాటినుంచీ ఆవిడకు అదొక నియమం. ఏ ప్రయోగం చేసినా నకలు మీదే చెయ్యాలి, అసలును వేలితో కూడా ముట్టుకోకూడదు. తన చేతికింద పనిచేసిన కుర్రకారుకు ఈ ఒక్క విషయం మీద ఆవిడ పెట్టిన చివాట్లు ఇప్పటికీ గోదాములో చెప్పుకుంటారు.

మేనకోడలు ప్రోగ్రాము నడిపించింది. "లెక్క బాగానే వచ్చింది. ఇప్పుడు అసలు జాబితా ఒకసారి చూపించమను."

అక్కయ్య చూపించమంది. తెర మీద అసలు మార్కులు వరసగా వచ్చాయి. ప్రతి పిల్లకూ పిల్లాడికీ అయిదేసి ఎక్కువ ఉన్నాయి.

"ఇదేంటే? నేను అసలును ముట్టుకోలేదే!"

"ముట్టుకున్నావు."

"ట్రయల్‌లో కదే కలిపాను, కళ్ళు పెట్టుకుని చూడు. నీ డబ్బా ఏదో తేడాగా ఉంది."

"పాతవాళ్ళందరూ ముందు డబ్బానే తిడతారు" అని మేనకోడలు నవ్వింది. "నువ్వేం రాశావు? ట్రయల్ ఈక్వల్ టు అసలు అని రాశావు. పాతదాంట్లో అలా రాస్తే ఉన్న అంకెలన్నీ ఇంకో చోట మళ్ళీ రాసిపెట్టేది. ఇక్కడ అలా కాదత్తా. ఇది కొత్త జాబితా తయారు చెయ్యదు. ఉన్నదానికే ఇంకో పేరు తగిలించి ఊరుకుంటుంది."

"పేరంటే?"

మేనకోడలు ఓరగా ఉన్న తలుపు వైపు గడ్డంతో చూపించింది. "ఆ గదిలో ఉన్న మనిషిని నువ్వు తమ్ముడూ అంటావు. నేను నాన్నా అంటాను. పేర్లు రెండు, మనిషి ఒక్కడే కదా. నువ్వు నీ తమ్ముణ్ణి ఒకటి కొట్టావనుకో, మా నాన్నకి దెబ్బ తగలదా?"

గదిలో మరలు పడుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"మరి నకలు కావాలంటే?" అంది అక్కయ్య. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"కావాలని విడిగా అడగాలి. చివర కాపీ అని రాయాలి. అడక్కపోతే ఇవ్వదు. ఏంటత్తా, అలా అయిపోయావు? మొదట్లో ఎవరైనా చేసే తప్పే ఇది."

అక్కయ్యకు పిల్ల మాటలు వినపడుతున్నాయి గాని తలకెక్కడం లేదు.

కొత్త ప్రోగ్రాము అంతా పూర్తయ్యాక, పంతులమ్మ ఒకటికి రెండుసార్లు చూసి బాగుందన్నాక, రేపు మొదలుపెడతామనగా అక్కయ్యకు ఒక లోటు కనిపించింది. పాత ప్రోగ్రాములో ఒక సొంత పరీక్ష ఉండేది. అది ఆవిడ ముద్దుబిడ్డ. రోజూ పొద్దున్నే ప్రోగ్రాము మేలుకోగానే తనను తానే పరీక్షించుకునేది. ఏ కోల్డ్ రూములో వేడి ఎంత దాటకూడదో రాసి ఉన్న పరిమితుల జాబితాకు ఒక నకలు తీసుకునేది. నకలులో పరిమితిని సున్నా చేసేది. గదిలో అంతకంటే వేడి ఎలాగూ ఉంటుంది కాబట్టి అలారం మోగి తీరాలి. మోగాక పరిమితిని నలభై చేసేది. అంత వేడి ఏ గదిలోనూ ఉండదు కాబట్టి అలారం ఆగి తీరాలి. మోగి ఆగిందంటే ఆ రోజుకు అంతా సవ్యంగా ఉన్నట్టు. తర్వాత నకలును పారేసి అసలు జాబితా పట్టుకుని పనిలోకి దిగేది. ఆ ముక్క లేకుండా ప్రోగ్రామును జనంలోకి పంపడానికి అక్కయ్యకు చేతులు రాలేదు. పాతదాంట్లో ఉన్నది ఉన్నట్టు, లైనుకు లైను, కొత్తదాంట్లో దింపేసింది. ఇంత చిన్న ముక్కకు మళ్ళీ పిల్లను ఎందుకు విసిగించడం అనుకుంది.

ట్రయల్ ఈక్వల్ టు అసలు. ఆ లైను కళ్ళముందు అక్షరం అక్షరంగా కనిపిస్తోంది.

అంటే అక్కడ నకలే లేదు. ప్రతి పొద్దునా అలారం అందరికీ వినబడేలా మోగింది, బుద్ధిగా ఆగింది. ఆగాక ప్రతి గది అసలు పరిమితీ నలభై మీదే ఉండిపోయింది. ఎనిమిది దాటినా, పది దాటినా, ఇరవై దాటినా అది ఇక నోరు తెరవదు. తమ్ముడు ఆ తెల్లవారుజామున కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. వినడానికి అక్కడ ఏమీ లేదు.

ఈ చోట అక్కయ్యను గురించి నిజం చెప్పాలి. ఆవిడకు వెంటనే తమ్ముడి మీద జాలి పొంగి పొర్లలేదు. ముందు భయం వేసింది. వచ్చు అని అబద్ధం చెప్పిన రోజు గుర్తొచ్చింది. చివాట్లు తిన్న కుర్రకారు మొహాలు గుర్తొచ్చాయి. రేపు పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, ఆ లైను చివర కాపీ అని ఒక్క మాట తగిలిస్తే సరిపోతుంది అనిపించింది. ఎవరికీ తెలియదు. తమ్ముడికి ఎలాగూ బదిలీతో సరిపెడతామన్నారు. వాడి ఉద్యోగం పోదు, తన పరువూ పోదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. వేసినా, చేతులు మాత్రం సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాయి.

"తల పోటుగా ఉందే. వెళతాను."

"టీ కూడా తాగలేదు."

"ఉక్కగా ఉంది, వద్దులే."

మేనకోడలు లాప్‌టాప్ పక్కన పెట్టి లేచింది. ఆ పిల్లకు అత్త తలనొప్పులన్నీ తెలుసు. ఇది వాటిలో లేదు.

"అత్తా. గోదాము ప్రోగ్రాములో ఎక్కడైనా ఇలాంటి లైను రాశావా?"

"నువ్వు చూశావుగా అంతా."

"నేను చూసినప్పుడు లేదు. నేను చూశాక ఏమైనా కలిపావా?"

అక్కయ్య సంచీ జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది. మళ్ళీ లాగింది.

"నిన్నే అడుగుతున్నాను. కలిపావా?"

"పొద్దుటి పరీక్ష కలిపాను" అంది అక్కయ్య, జిప్పుకేసి చూస్తూనే. "పాతదాంట్లో ఉండేది. మోగి ఆగుతుంది చూడు, అది."

"నకలు మీద చేస్తుందా?"

"నకలు అనుకున్న దాని మీద."

మేనకోడలు కుర్చీ చేయి పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకు వివరాలేమీ చెప్పనక్కర్లేకపోయింది. పెదవులు కదుపుతూ తనలో తాను లెక్క వేసుకుంటోంది. సున్నా చేస్తే మోగుతుంది, పెద్ద అంకె చేస్తే ఆగుతుంది, ఆ పెద్ద అంకె అలాగే ఉండిపోతుంది. లెక్క పూర్తయినప్పుడు ఆ మొహంలో రంగు పోయింది.

"అయితే నాన్న చెప్పింది నిజమే."

అక్కయ్య జిప్పు వదిలేసింది.

"నేనేమన్నానో తెలుసా నాన్నని? ఆ రోజు ఇంటికి రాగానే మొహం మీదే అన్నాను. పడుకున్నావని ఒప్పుకో నాన్నా, మిషన్లు అబద్ధాలు చెప్పవు, మనుషులే చెబుతారు అన్నాను. ఆ ప్రోగ్రాము అత్త రాసింది, నేను చూశాను, దాంట్లో తప్పుండదు అన్నాను." ఓరగా ఉన్న తలుపు వైపు చూసింది. "నాన్న ఇంకేం మాట్లాడలేదు. వెళ్ళి ఇస్త్రీపెట్టె విప్పుకుంటూ కూర్చున్నాడు. అప్పట్నుంచీ నాతో సరిగా మాట్లాడలేదత్తా."

"నేనూ నమ్మలేదే. నీకంటే ముందు నేనే నమ్మలేదు."

"మరి లేచి వెళుతున్నావేంటి? లోపలికి వెళ్ళి చెప్పు!"

"రేపు... రేపు ముందు ఆ లైను సరిచేసి, తర్వాత..." అక్కయ్య నీళ్ళు నమిలింది. "నాకు కొత్త లాంగ్వేజి వచ్చని చెప్పానే వాళ్ళకి. ఇప్పుడు ఈ వయసులో, అందరి ముందూ..."

"రేపేంటత్తా? ఇవాళ సంగతి?"

"ఇవాళ ఆదివారం కదే."

"కోల్డ్ రూములకి ఆదివారం ఉంటుందా? ఆ ప్రోగ్రాము ఇప్పుడు నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది."

"పొద్దుట మోగి ఆగి ఉంటుంది కదా?"

"ఆగే ఉంటుంది."

మేనకోడలు చెయ్యెత్తి పైన కదలకుండా ఉన్న సీలింగు ఫ్యాను వైపు చూపించింది. "పొద్దుటినుంచీ ఊరంతా కరెంటు లేదు."

అక్కయ్య ఇరుక్కున్న జిప్పును ఒక్క గుంజు గుంజింది. సంచీలోంచి ఫోను తీసి గోదాము నంబరు నొక్కేలోపు రెండుసార్లు తప్పు నంబరు పడింది. అవతల చాలాసేపు మోగాక తమ్ముడి స్థానంలో కొత్తగా వేసిన డ్యూటీ మనిషి తీశాడు.

"అక్కయ్యా, నమస్తే. ఆదివారం కూడా మమ్మల్ని వదలరా?"

"కోల్డ్ రూముల్లో ఎంతుందో చూసి చెప్పు."

"అంతా బాగానే ఉందక్కయ్యా. జనరేటరు నడుస్తోంది, చప్పుడు వినపడటం లేదూ? అలారం కూడా ఏమీ మోగలేదు."

"అలారం సంగతి వదిలెయ్. నువ్వు లేచి వెళ్ళి నీ కళ్ళతో మీటరు చూడు."

"పొద్దున డ్యూటీ ఎక్కగానే చూశానక్కయ్యా. మళ్ళీ దిగేటప్పుడు కదా చూడాల్సింది? ఏదైనా ఉంటే అదే మోగుతుంది. పొద్దున చక్కగా మోగి ఆగింది కూడా."

"నాయనా, నీకు దణ్ణం పెడతాను. వెళ్ళి చూడు."

ఆ గొంతులో ఏం విన్నాడో, అతను ఫోను బల్లమీద పెట్టి వెళ్ళాడు. అడుగుల చప్పుడు దూరమైంది. జనరేటరు మోత ఒక్కటే వినిపిస్తోంది. అక్కయ్య ఫోను చెవికి అదిమి పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. మేనకోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు గాని, దగ్గరికి కూడా తీసుకోలేదు.

అతను పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. "అక్కయ్యా, మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోది పదకొండు చూపిస్తోంది. జనరేటరు నడుస్తోంది కానీ ఆ గదికి కరెంటు అందడం లేదల్లే ఉంది."

"పదకొండా?" అంది అక్కయ్య గట్టిగా.

పక్క గదిలో చప్పుడు ఆగిపోయింది.

"ముందు ట్రేలన్నీ మొదటి గదిలోకి మార్చు. సెక్యూరిటీ వాళ్ళని పిలుచుకో, ఒక్కడివే పెట్టుకోకు. పక్కనే క్వార్టర్స్‌లో ఉన్న ఆఫీసరు సారుకి కబురు పెట్టు. నేనొస్తున్నాను."

"అలాగే. కానీ అక్కయ్యా, ఎనిమిది దాటితే మోగాలి కదా? ఎందుకు మోగలేదు?"

అక్కయ్య జవాబు చెప్పేలోపే అతను ఫోను బల్లమీద పడేసి పరుగెత్తాడు. దూరంగా కేకలు, ఇనుప తలుపు లాగుతున్న మోత వినిపించాయి.

ఆవిడ తలెత్తి చూసేసరికి ఓరగా ఉన్న తలుపు పూర్తిగా తెరుచుకుని ఉంది. తమ్ముడు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసింది. ఈ కొద్ది రోజుల్లోనే పదేళ్ళు పైబడ్డట్టు కనిపించాడు.

"ఏ రూము?" అన్నాడు.

"మూడు."

"మోగలేదా?"

అక్కయ్య ఫోను చెవి దగ్గరినుంచి దించింది. చెప్పడానికి ఎన్నో మాటలు ఉన్నాయి. పాత లాంగ్వేజి ఉంది, కొత్త లాంగ్వేజి ఉంది, నకలు ఉంది, పొద్దుటి పరీక్ష ఉంది. వాటన్నిటి వెనకా దాక్కోవచ్చు. ఆవిడ దాక్కోలేదు.

"మోగదురా. ఆ రోజు కూడా మోగలేదు. తప్పు నా ప్రోగ్రాములో ఉంది. పొద్దున మోగి ఆగాక ఇక మోగకుండా నేనే చేశాను, తెలియక చేశాను. ఇప్పుడే, ఈ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. నువ్వు నిజం చెప్పావు. నేను నిన్ను నమ్మలేదు."

అని ఏడ్చింది. ఆఫీసులో ఎన్నడూ ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయి నిలబడింది.

తమ్ముడు కోప్పడతాడనుకుంది. స్క్రూడ్రైవరు విసిరికొడతాడనుకుంది. అదేదో చేసి ఉంటే బాగుండేది. అతను అయోమయంగా ఆమెను చూశాడు.

"ఇప్పుడే తెలిసిందా నీకు?"

"ఇప్పుడే."

"మరి ఆ రోజు వచ్చి సంతకం పెట్టమన్నావు?"

"గొడవ వదిలిపోతుందని..."

"నీకు తెలిసే అడుగుతున్నావనుకున్నానక్కా" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "నేను మేలుకునే ఉన్నాను. మోగలేదని నాకు తెలుసు. మోగలేదంటే తప్పెవరిదవుతుంది? రాసినవాళ్ళదే కదా. నాకు ఆ మాత్రం తెలియదా? నువ్వొచ్చి అలా అడిగేసరికి, పాపం అక్క నోరు విడిచి చెప్పలేకపోతోంది, తనని కాపాడమని ఇలా అడుగుతోంది అనుకున్నాను. నన్ను చదివించింది నువ్వు, ఆ ఉద్యోగంలో పెట్టించింది నువ్వు. నువ్వడిగితే కాదంటానా?"

"పెట్టేశావా?" అంది అక్కయ్య.

"నిన్ననే ఇచ్చేసి వచ్చాను."

"నిద్రపోయానని రాశావు, అంతేగా? వెనక్కి తీసుకోవచ్చు. నేనొచ్చి చెబుతాను."

తమ్ముడు స్క్రూడ్రైవరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నిద్రపోయానంటే చాలదన్నారు సారు. అలారం మోగలేదని మొదట్లో అందరి ముందూ అరిచాను కదా, దానికి సమాధానం ఉండాలన్నారు. అలారం స్విచ్చి నేనే ఆపేసి పడుకున్నానని రాయమన్నారు. రాశాను."

వంటింటి గుమ్మంలోంచి మరదలు వచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. "ఏం రాశావూ?" అంది. గట్టిగా కూడా అనలేదు. "పసిపిల్లల మందులకి కాపలా ఉండి, కావాలని ఆపేశానని రాసిచ్చావా? అది బదిలీతో పోయే మాటేనా? నాకు ఒక్క ముక్క చెప్పావా?" అక్కడే గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. మేనకోడలు తల్లి దగ్గరికి పరుగెత్తింది.

అప్పుడు అక్కయ్య చేతిలోని ఫోనులోంచి చిన్నగా మాటలు వినిపించాయి. ఎవరో హలో హలో అంటున్నారు. డ్యూటీ మనిషి గొంతు కాదు. ఆవిడ ఫోనును మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కయ్యగారేనా? నేనే" అన్నాడు ఆఫీసరు. పక్కన ట్రేలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతని గొంతులో తొందరేమీ లేదు. "సగం మందు దక్కేట్టుంది, మీరు ఫోను చెయ్యబట్టి. అంత దూరంనుంచి మీకెలా తెలిసిందో తర్వాత అడుగుతాను. ముందు ఒక్క విషయం చెప్పండి. పోయినసారి స్విచ్చి ఆపింది తనేనని మీ తమ్ముడు రాసిచ్చాడు. ఆ కాగితం నా బల్లమీదే ఉంది, రేపు పైకి పంపాలి. ఇవాళ మీ తమ్ముడు గోదాములో లేడు. స్విచ్చి ఎక్కడిది అక్కడే వేసి ఉంది, నేనే చూశాను. మరి ఈసారి అలారం ఆపిందెవరు?"

అక్కయ్య నోరు తెరిచింది. ఎదురుగా గుమ్మంలో, ఫోనులోని సారు గొంతు గుర్తుపట్టిన తమ్ముడు ఆమె కళ్ళలోకే చూస్తూ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.